పాత చాంద్ పోయిందా?

2025 మార్చి 29, శనివారం రాత్రి. 28వ రోజా అయిపోయింది. తరావీహ్ చదువుకుని మస్జిద్ నుంచి వచ్చేసరికి పూడూరులో మా ఆపా ఇంట్లో దీపాలన్నీ ఆర్పేసి ఉన్నాయి. వరండాలో మాత్రం మా భాంజీ చాప మీద కూర్చుని, ప్లాస్టిక్ కుర్చీనే మేజాగా చేసుకుని, లాప్‌టాప్ ముందు పెట్టుకుంది. ఇంటి మొత్తంలో ఆ వరండా చివర ఒక్కచోటే సిగ్నల్ సరిగ్గా అందుతుంది. సముద్రం అడుగున తిరిగే సబ్‌మెరైన్లకు కబుర్లు పంపే నేవీ స్టేషన్‌కి మా మండలంలోని దామగుండం అడవిలో 2024 అక్టోబరు 15న పునాదిరాయి వేశారు. సముద్రం అడుగుకి పోయే సిగ్నల్ మా దగ్గర్నుంచి పోతుందట గానీ, మా ఆపా బావర్చీఖానాలోకి మాత్రం ఇంకా రాలేదు.

పక్కన కూర్చుని స్క్రీన్ వైపు చూశాను. ఒళ్లు ఝల్లుమంది. పిల్ల చేతులు ఒడిలో ఉన్నాయి. బ్రౌజర్ మాత్రం దానంతట అదే తెరుచుకుంటోంది. గడుల్లో పేరు, పుట్టిన తేదీ వాటంతట అవే పడుతున్నాయి. బటన్ దానికదే నొక్కుకుంటోంది. మూసుకుంటోంది. మళ్లీ తెరుచుకుంటోంది.

"యే క్యా జిన్నాత్ కా కామ్ హై, బేటా?"

"జిన్నాత్ నై మామూ, సెలీనియం," అని నవ్వింది.

బీటెక్ అయ్యాక అమీర్‌పేటలో మూడు నెలలు టెస్టింగ్ కోర్సు చేసింది. నాలుగు నెలల కింద ఒక చిన్న కంపెనీలో నౌకరీ దొరికింది. వాళ్లు బయటి దేశపు క్లయింట్ కోసం ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఫారాల సైటు తయారు చేస్తున్నారు. మనిషి కూర్చుని నింపినట్టే ఆ ఫారాన్ని ప్రోగ్రాంతో నింపించి, సరిగ్గా పోతోందా లేదా చూడటం ఈమె పని. ఆ పని చేయించే ఔజారు పేరే సెలీనియం. 2004లో షికాగోలో థాట్‌వర్క్స్ కంపెనీలో పనిచేసే జేసన్ హగిన్స్ దాన్ని మొదలుపెట్టాడు. అప్పట్లో ఇదే రంగంలో మెర్క్యురీ అనే పెద్ద కంపెనీ ఉండేది. మెర్క్యురీ అంటే పారా, పాదరసం. పాదరసం విషానికి సెలీనియం విరుగుడు అని హగిన్స్ మజాక్ చేస్తే, ఆ మజాకే పేరుగా నిలిచిపోయింది. హకీమ్ సాబుల ఖాన్దాన్‌లో పుట్టినవాళ్లకు ఈ పేరు కథ బాగా నచ్చుతుంది.

"ఇంత రాత్రి కైకు కూర్చున్నావు మరి?"

"పది సార్లు నడిపిస్తే ఏడు సార్లు గ్రీన్ వస్తుంది, మూడు సార్లు రెడ్ వస్తుంది మామూ. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు. రేపు పొద్దున రిపోర్ట్ పంపాలి. సోమవారం రిలీజ్."

సోమవారం అంటే, చాంద్ కనిపిస్తే, ఈద్. అందరూ పని అప్పజెప్పి ఛుట్టీ తీసుకోవాలని చూస్తున్నారు. ఈమె నౌకరీ పక్కా కావడానికి ఇంకా రెండు నెలలుంది. అలాంటప్పుడు రెడ్ రిపోర్ట్ పంపడానికి ఎవరికి మనసొప్పుతుంది?

తకలీఫ్ అంతా ఒక్క చోట ఉంది. సబ్మిట్ బటన్ నొక్కాక పేజీ మొత్తం మళ్లీ లోడ్ అవుతుంది. కొత్త పేజీ వచ్చేదాకా ప్రోగ్రాం ఆగాలి. ఎంతసేపు ఆగాలి? ఆ ఒక్క సవాల్ దగ్గరే తడబడుతోంది.

"నీ సీనియర్ని అడగకపోయావా?"

"అడిగిన. స్లీప్ పెట్టు అన్నడు."

స్లీప్ అంటే నిద్రే. బటన్ నొక్కాక పది సెకన్లు పడుకో, ఆ తర్వాత లేచి చూడు అని ప్రోగ్రాంకి చెప్పడం. నాకు బ్రహ్మాండంగా అనిపించింది. "తో డాల్ దే బేటా. పెట్టేసి నువ్వు కూడా పడుకో," అన్నాను.

"నక్కో మామూ," అని వేళ్ల మీద లెక్క చెప్పింది. వాళ్ల దగ్గర 200 టెస్టులున్నాయి. ఒక్కోదాంట్లో మూడు చోట్ల పది సెకన్ల చొప్పున నిద్ర పెడితే మొత్తం 6,000 సెకన్లు. గంటా నలభై నిమిషాలు ఉత్త నిద్రకే పోతాయి. పేజీ ఒక్క సెకనులో వచ్చినా తొమ్మిది సెకన్లు వృథా. పోనీ అంత నిద్రపోయినా భరోసా ఉందా అంటే, ఏ రోజైనా పేజీ పదకొండో సెకనులో వస్తే టెస్టు ఫెయిల్. "గడియారం చూసి ఆగొద్దు. నిశానీ చూసి ఆగాలి. కానీ ఏ నిశానీ చూడాలన్నదే నాకు సమజ్ అయితలేదు," అంది.

ఆ మాట వినగానే నాకు మా నానీమా గుర్తొచ్చింది.

నా బచ్‌పన్‌లో రంజాన్ ఆఖరి రోజుల్లో ఈ ఇంటి డాబా మీదే పిల్లలమంతా చాంద్ కోసం ఎక్కేవాళ్లం. 27వ రోజా సాయంత్రం నుంచే మాకు తొందర. నానీమా తిట్టేది. ఆమె లెక్క వేరు. సహెరీకి లేచినప్పుడు ఆమె ముందు తూర్పు దిక్కు చూసేది. ఫజర్ అజాన్‌కి ముందు తూర్పున కొడవలిలా సన్నటి చాంద్ కనిపిస్తే "పురానా చాంద్ అభీ గయా నై" అనేది. పాత చాంద్ తూర్పున కనిపించిన రోజు సాయంత్రం, కొత్త చాంద్ కోసం పడమట వెతకడం దండగ. పాతది మొత్తం మాయమవ్వాలి. ఆ తర్వాతే కొత్తది మగ్రిబ్ వేళ పడమట తేలుతుంది. అమావాస్య లెక్క తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. బడి మొహం చూడని మా నానీమాకు ఆ లెక్క ఆకాశమే నేర్పింది.

ఇదంతా ఏదో పాత ముచ్చటగా చెప్పుకుంటూ పోతున్నాను. పిల్ల కీబోర్డ్ మీద నుంచి చేతులు తీసి నా వైపు తిరిగింది.

"మామూ, ఫిర్ బోలో. పాతది పోయిందా లేదా ముందు చూడాలి, హైనా?"

"హౌ."

"యహీచ్ మామూ! నేను కొత్త పేజీ కోసం వెతుకుతున్న. పాత పేజీ పోయిందా లేదా చూస్తలేను."

అప్పుడు స్క్రీన్ మీద చూపించింది. ఫారంలో రెండు మెట్లున్నాయి. మొదటి మెట్టులో వివరాలు నింపి సేవ్ నొక్కితే, పైన ఒక ఆకుపచ్చ పట్టీ వస్తుంది: వివరాలు సేవ్ అయ్యాయి అని. తర్వాత సబ్మిట్ నొక్కితే పేజీ రీలోడ్ అయి, మళ్లీ ఆకుపచ్చ పట్టీ వస్తుంది: క్లెయిమ్ అందింది, ఇదీ మీ నంబరు అని. ఈమె టెస్టు సబ్మిట్ నొక్కిన మరుక్షణం "ఆకుపచ్చ పట్టీ ఉందా?" అని అడుగుతోంది. కంప్యూటర్ చాలా చురుకు. నొక్కిన కబురు సర్వర్ దాకా పోయి జవాబు రాకముందే, ఇంకా కదలని పాత పేజీ మీద పాత పట్టీని చూసి "ఉంది" అనేస్తోంది. గ్రీన్. ఒక్కోసారి పట్టీని పట్టుకుంటుంది గానీ దాని మీద రాత చదివేలోపు పేజీ మారిపోతుంది. చేతిలో ఉన్నది లేని పేజీ తాలూకు ముక్క. దాన్ని వాళ్ల భాషలో స్టేల్ ఎలిమెంట్ అంటారు, అంటే బాసీ అయిపోయినది. అప్పుడు రెడ్.

"అంటే ఏడు గ్రీన్‌లు ఝూటా. మూడు రెడ్‌లే కొంచెం సచ్," అంది.

నేను ఆమె మొహం చూడలేకపోయాను. ఆకుపచ్చ పట్టీ. ఆరేళ్ల కిందటిది కళ్ల ముందుకొచ్చింది.

అప్పుడు ఈ పిల్ల ఇంజినీరింగ్‌లో చేరింది. ఒక స్కాలర్‌షిప్ ఫారానికి ఆఖరి రోజు. దుల్హేభాయి పొలంలో ఉంటే నేను తీసుకెళ్లాను, వికారాబాద్‌లో ఒక నెట్ సెంటర్‌కి. బయట లైను. లోపల ఉక్క. సైటు నత్తలా కదులుతోంది. మూడు గంటలు కూర్చుని అన్నీ నింపాం. సేవ్ నొక్కితే ఆకుపచ్చ రాత వచ్చింది. సబ్మిట్ నొక్కాను. ఆకుపచ్చ రాత కనిపించింది. "హో గయా బేటా, చలో" అని లేచాను. ఈ పిల్ల "మామూ, నంబర్ ఏమైనా వస్తుందేమో" అంది. నాకు బాగా గుర్తు. నాకు సాయంత్రం డెస్క్‌లో డ్యూటీ ఉంది, బస్సు పట్టుకోవాలి. "పేపర్‌లో పనిచేసేవాణ్ని, నాకు చదవడం రాదా?" అన్నాను. విండో మూసేసి, పాతిక రూపాయలిచ్చి బయటికొచ్చాం.

ఆ ఫారం పోలేదు. నెలలు గడిచాక అడిగితే, సగంలో ఆగిపోయి ఉంది అన్నారు. తారీఖు దాటిపోయింది. ఆపా తన నికాహ్ నాటి రెండు బంగారు గాజులు అమ్మి ఆ ఏడాది ఫీజు కట్టింది. ఇంట్లో అందరూ సర్వర్‌ని తిట్టారు. నేను కూడా వాళ్లతో కలిసి సర్వర్‌నే తిట్టాను.

నా మౌనం చూసి భాంజీయే అంది, స్క్రీన్ మీద నుంచి చూపు తిప్పకుండా: "ఆ రోజు గూడా గిదే అయిందేమో మామూ." అందులో నింద లేదు. లెక్క తేలిన మనిషి గొంతు అది. అంటే ఈ పిల్లకు ఆ రోజు సంగతి మొత్తం గుర్తుంది. ఆరేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

తర్వాత అరగంటలో రాసేసింది. నాకు అర్థమైనంత చెబుతాను. సబ్మిట్ నొక్కే ముందే పాత పట్టీని గుర్తు పెట్టుకోమని ప్రోగ్రాంకి చెప్పింది. నొక్కాక ఆ పాత పట్టీ బాసీ అయ్యేదాకా, అంటే పాత పేజీతో పాటు పోయేదాకా ఆగమంది. అది పాత చాంద్. ఆ తర్వాత కొత్త పేజీలో మాత్రమే ఉండే వస్తువు కోసం, క్లెయిమ్ నంబరు కోసం ఆగమంది. మా ఉర్దూ మీడియం బడిలో మౌల్వీ సాబ్ దగ్గర పాత కితాబులుండేవి. పేజీ అడుగున ఒక మూల వచ్చే పేజీ మొదటి మాట చిన్నగా రాసి ఉండేది. వరఖ్ తిప్పగానే ఆ మాట కనిపిస్తే సరైన పేజీకి వచ్చినట్టు. కనిపించకపోతే మధ్యలో వరఖ్ ఊడిపోయినట్టు. క్లెయిమ్ నంబరు అలాంటి మాట. ఆకుపచ్చ పట్టీ రెండు పేజీల్లోనూ ఉంటుంది. నంబరు ఒక్కదాంట్లోనే ఉంటుంది.

ఎంతసేపు ఆగుతుంది? సెలీనియంలో ఈ రకం ఇంతెజార్ మామూలుగా అర సెకనుకోసారి "వచ్చిందా?" అని తొంగి చూస్తుంది. రాగానే ముందుకు పోతుంది, ఒక్క క్షణం వృథా చేయదు. రాకపోతే మనం పెట్టిన హద్దు దాకా చూస్తుంది. ఈమె 20 సెకన్లు పెట్టింది. మనకూ అంతే కదా. 29 సాయంత్రం చూస్తాం. కనిపిస్తే ఈద్. కనిపించకపోతే 30 పూర్తి చేస్తాం. ముప్పై ఒకటో రోజా లేదు. తేడా ఒక్కటే, టెస్టులో హద్దు దాటితే ఈద్ కాదు, ఫెయిల్ అని రాయాలి. హద్దు లేని ఇంతెజార్ మనిషికీ మంచిది కాదు, మిషన్‌కీ మంచిది కాదు.

ఇంకో మాట కూడా చెప్పింది. సెలీనియంలో రెండు రకాల ఇంతెజార్లు ఉన్నాయి. ప్రతి వస్తువుకీ ఇంతసేపు ఆగు అని ఒక్కసారే చెప్పి పెట్టేది ఒకటి, ఫలానా నిశానీ కోసం ఆగు అని ప్రత్యేకంగా చెప్పేది ఒకటి. రెండూ కలిపి వాడొద్దని తయారు చేసినవాళ్లే రాసి పెట్టారు. ఒకదానికి 10 సెకన్లు, ఇంకోదానికి 15 పెడితే, ఒక్కోసారి 20 దాకా పోవచ్చట. 2020లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ప్లేరైట్ లాంటి కొత్త ఔజార్లు కొంత సబర్ వాటంతట అవే చేస్తాయి. బటన్ కనిపిస్తోందా, కదలకుండా నిలిచిందా, నొక్కడానికి వీలుందా చూసుకుని గానీ నొక్కవు. "కానీ చివరికి ఏ నిశానీ వస్తే పని అయినట్టో అది మనిషే చెప్పాలి మామూ," అంది.

మళ్లీ పది సార్లు నడిపింది, ఈసారి నెట్‌ని కావాలనే నెమ్మది చేసి. ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం. ఎనిమిది గ్రీన్. రెండు రెడ్.

"యా అల్లాహ్, ఇంకా పోలేదా?" అన్నాను.

"ఇవి వేరే మామూ. ఇవి అస్లీ రెడ్‌లు." ఆ రెండు సార్లు పేజీ నిజంగానే రీలోడ్ అయింది. కానీ సర్వర్ క్లెయిమ్ తీసుకోకుండా, అదే ఫారాన్ని వెనక్కి పంపింది. పైన అదే ఆకుపచ్చ పట్టీతో, వివరాలు సేవ్ అయ్యాయి అని. నంబరు లేదు. సాఫ్ట్‌వేర్‌లోనే ఐబ్ ఉంది. నెమ్మది నెట్ ఉన్న చోట ఎవరో బీమార్ మనిషి ఫారం నింపి, ఆకుపచ్చ చూసి, అల్‌హందులిల్లా అనుకుని పడుకుంటాడు. అతని క్లెయిమ్ మాత్రం పోయి ఉండదు.

అప్పుడు రాత్రి ఒకటిన్నర. పిల్ల మెయిల్ తెరిచింది. నేను మెల్లగా అన్నాను, "రిపోర్ట్‌లో ఈ రెండూ రాస్తే రిలీజ్ ఆగుతుంది కదా?"

"ఆగుతుంది."

"ఈద్ ఛుట్టీ?"

భుజాలు ఎగరేసింది. రెండు రెడ్‌ల గురించి రాసింది. ఆ కింద ఇంకో పేరా మొదలుపెట్టింది. ఏం రాస్తోందో వంగి చదివాను. ఇంతకుముందు రెండు నెలలుగా తాను పంపిన గ్రీన్ రిపోర్టుల్లో కూడా ఈ టెస్టు పాత పేజీనే చూసిందని, వాటిని నమ్మొద్దని, తప్పు తన టెస్టుదేనని.

"బేటా, ఇది అడగలేదు కదా వాళ్లు," అన్నాను. ఇరవై ఏళ్లు జర్నలిస్టుగా ఉండి ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

"అడగలేదు మామూ. కానీ నాకు మాలూమ్ అయింది కదా," అని పంపేసింది.

నాకు నిద్ర పట్టలేదు. సహెరీకి ఆపా లేచి రొట్టెలు కాలుస్తుంటే బావర్చీఖానా గడప మీద కూర్చున్నాను. తల వంచుకుని మొత్తం చెప్పాను. నంబరు చూద్దామని పిల్ల అన్న మాట, నేను మూసేసిన విండో, పట్టుకోవాల్సిన బస్సు. సర్వర్ తప్పు ఎంతో నాకు తెలియదు గానీ, నా తప్పు మాత్రం ఉందన్నాను. ఆపా రొట్టె తిప్పుతూ విన్నది. చాలాసేపు ఏమీ అనలేదు.

"ఆ గాజులా? అవి అప్పటికే బిగుతయినయి. సబ్బు పెడితే గానీ ఊడేవి కావు," అంది. కాసేపయ్యాక, రొట్టె నా పళ్లెంలో వేస్తూ, "చెప్పనీకి ఆరేండ్లు పట్టిందా రా నీకు?" అంది. అంతే. ఆ మాటే నాకు గట్టిగా తగిలింది.

ముగ్గురం బయటికొచ్చి తూర్పు వైపు చూశాం. చుక్కలు తప్ప ఏమీ లేవు. "పురానా పేజ్ గయా," అంది భాంజీ.

ఆ రోజు ఆదివారం, ఉగాది. పక్కింటి అత్తమ్మ బచ్చాలు పంపింది. రోజా కదా, గిన్నె మీద మూత పెట్టి ఇఫ్తార్ దాకా ఉంచాం. మధ్యాహ్నం మేనేజర్ జవాబు వచ్చింది. రిలీజ్ బుధవారానికి జరిపామని, పాత రిపోర్టులన్నీ ఈద్ తర్వాత కూర్చుని మళ్లీ చూద్దామని. శాబాషీ లేదు, తిట్టూ లేదు. నౌకరీ సంగతి అప్పటికి తేలలేదు. పిల్ల ఆ మెయిల్ రెండుసార్లు చదువుకుని, లాప్‌టాప్ మూసి, మెహందీ కలుపుకోడానికి పోయింది. మగ్రిబ్ అయ్యాక డాబా ఎక్కితే పడమట చాంద్ కనిపించింది, చక్కగా, ఎవరూ వేలు పెట్టి చూపించాల్సిన పని లేకుండా.

మన ఇళ్లలో ఇప్పుడు ఫారం లేని పని లేదు. స్కాలర్‌షిప్, హజ్, పాస్‌పోర్ట్, రేషన్, అన్నీ స్క్రీన్ మీదే. ఇంట్లో చదువుకున్నవాడెవడో ఒకడు నొక్కుతాడు, మిగతావాళ్లు వాడి మొహం చూసి నమ్ముతారు. నొక్కేది మీరైతే నాదొక్క గుజారిష్. ఆకుపచ్చ రంగు చూసి లేవకండి. పేజీ మారిందా చూడండి. నంబరు వచ్చిందా చూడండి. దాన్ని కాగితం మీద రాసుకోండి. పక్కన కూర్చున్న పిల్ల "నంబర్ వస్తుందేమో మామూ" అంటే, బస్సు పోతే పోయింది, ఇంకో ఐదు నిమిషాలు కూర్చోండి.